దాల్చాలో ఉప్పు, చుక్కల్లో లిథియం

దాల్చా చప్పగా ఉందన్న మాట మొదట పైకి అన్నవాడు వీరాంజనేయులు. మిగిలిన వాళ్లంతా మర్యాదస్తులు. ఒక ముద్ద తిని పక్కవాడి మొహం చూశారు, పక్కవాడూ తమ మొహమే చూస్తున్నాడని గ్రహించి గబగబా పెరుగుపచ్చడి కలుపుకున్నారు. వీరాంజనేయులుకు ఇలాంటి సర్దుబాట్లు చేతకావు. నరసరావుపేటలో ఆ విందు జరుగుతున్న ఇంటిని ఆనుకునే ఆయన ఇల్లు. గోడకివతల జరిగిన ఏ విందుకూ ఆయన గైర్హాజరైన దాఖలా లేదు. ఆ హక్కుతో అందరూ వినేటట్టే అడిగాడు.

"ఏంది మజీదూ, ఉప్పెయ్యటం మర్చిపోయావా?"

అబ్దుల్ మజీద్ వంటవాడు. వంటవాడంటే ఏదో నాలుగు ముద్దలు ఉడకేసే మనిషి అనుకునేరు. మాచర్ల నుంచి ఎడ్లపాడు దాకా సాయిబుల ఇళ్లలో పెళ్లి కుదిరితే, ఖాజీ కన్నా ముందు మజీద్‌కు కబురు వెళ్లేది. పలావు ఎవరైనా వండుతారు, దాల్చా మాత్రం మజీదే వండాలని పేరు. పప్పు, సొరకాయ, ఎముకలున్న మాంసం, చింతపండు పులుసు. అందరూ వేసేవే అతనూ వేస్తాడు, కాకపోతే తిన్నవాళ్లు ఇంటికెళ్లాక కూడా దాని గురించే మాట్లాడుకుంటారు. అలాంటి మనిషిని పట్టుకుని ఉప్పు మర్చిపోయావా అనటం, బడిపంతుల్ని పట్టుకుని ఎక్కాలు మర్చిపోయావా అనటమే.

మజీద్ కాస్త దాల్చా అరచేతిలో పోసుకుని నాకి చూశాడు. మొహం పాలిపోయింది. "ఏశానే," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

వంటింటి తెర వెనక నిలబడి ఇదంతా వింటున్న అతని భార్య ఖదీజా ఇంకో అడుగు వెనక్కి జరిగింది. ఆ ఉప్పు ఏమైందో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. తెలుసు అనుకుంటున్న మనిషి అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

ఆ శుక్రవారం భోజనం మామూలు భోజనం కాదు, పరీక్ష. కొడుకు షాకిర్ పెళ్లి దగ్గర పడింది. వలీమా విందు పెట్టాల్సింది మగపెళ్లివారు కాబట్టి ఆ రోజు ఊరంతటికీ వండి వడ్డించాలి. ఆ వంట తన చేతి మీదుగానే జరగాలని మజీద్ షాకిర్ పుట్టిన నాడే అనుకున్నాడు. ఎవరెవరి పిల్లల పెళ్లిళ్లకో వండిన చెయ్యి, సొంత కొడుకు పెళ్లికి ఊరుకుంటుందా? అయితే అతని అన్న మక్బూల్‌కు అనుమానం పట్టుకుంది. మక్బూల్ పిడుగురాళ్లలో సున్నపు బట్టీ నడుపుతాడు. ఇంటికి పెద్దవాడు, నోటికి ఇంకా పెద్దవాడు. తమ్ముడి మతిమరుపు ముదురుతోందనీ, పెళ్లిలో పరువు పోకుండా గుంటూరు నుంచి క్యాటరింగ్ వాళ్లను మాట్లాడదామనీ అన్నాడు. మజీద్ ససేమిరా అన్నాడు. చివరికి, ముందు దగ్గరి చుట్టాలకు ఒక పూట వండి చూపించు, అది బాగుంటే వలీమా నీదే అని మక్బూల్ తీర్పు చెప్పాడు.

మతిమరుపు మాట అబద్ధం కాదు. మొన్నామధ్య స్కూటరు కూరగాయల మార్కెట్లో వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. వచ్చి, స్కూటరు ఎవడో ఎత్తుకుపోయాడని వీధంతా లేపాడు. పిలుపులకు వెళ్లినప్పుడు ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లి పిలిచొచ్చాడు. ఆ ఇంటివాళ్లు ఎంత మంచివాళ్లో, రెండోసారీ టీ ఇచ్చి, అప్పుడే వింటున్నట్టు విన్నారట. ఖదీజా ఇవన్నీ నవ్వుతూనే చెప్పుకునేది గానీ లోపల దిగులుగా ఉండేది. మజీద్ ఆవిడకు మేనబావ. మొగుడు కాకముందు నుంచే ఆవిడ మనిషి.

మామూలుగానైతే మజీద్ వంట ఖదీజా కంటపడదు. విందు వంట మగవాళ్ల వ్యవహారం. మసీదు పక్క ఖాళీ జాగాలో గాడిపొయ్యి తవ్వి, డేగిసాలు ఎక్కించి మగవాళ్లే వండుతారు. ఆడవాళ్లు అటు తొంగిచూడరు. ఇంట్లోనేమో మజీద్ గరిటె ముట్టుకోడు. గుడ్డు ఉడకేయమన్నా అది ఆడవాళ్ల పొయ్యి అని తప్పుకుంటాడు. అందుకే ముప్ఫై ఏళ్లు దాటిన కాపురంలో మొగుడు వండుతుంటే ఆవిడ చూసింది లేదు. ఈసారి ఆ ఖాళీ జాగాలో ఎవరో ఇసుకా ఇటుకలూ దించారు. గాడిపొయ్యి పెరట్లోకి వచ్చింది, సరిగ్గా వంటింటి కిటికీ ముందుకి.

ఖదీజా ఉల్లిపాయలు తరుగుతూ కిటికీలోంచి ముచ్చటగా చూసింది. మాంసం వేగుతుండగా మజీద్ బిస్మిల్లా అంటూ దోసిలితో కల్లుప్పు వేశాడు. ఎంత బాగా వేశాడో అనుకుంది. తర్వాత పప్పు పడింది, సొరకాయ ముక్కలు పడ్డాయి, చింతపండు పులుసు పడింది. జుమా నమాజుకు వేళవుతోందని ఎవరో కేకేశారు. మజీద్ ఇంకో దోసిలి ఉప్పు తీసి డేగిసాలో వేసి, మూత పెట్టి, స్నానానికి పోయాడు. ఖదీజా చేతిలో కత్తి ఆగిపోయింది.

అడుగుదామంటే వీలేదీ? స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, అత్తరు రాసుకుని బయల్దేరుతున్న మనిషి పక్కన మక్బూల్ ఉన్నాడు. ఆయన వింటుండగా 'ఉప్పు రెండుసార్లు వేశావు' అంటే వలీమా అక్కడికక్కడే గుంటూరు వెళ్లిపోతుంది. వంటలో సాయానికొచ్చిన వాళ్లతో సహా మగవాళ్లంతా మసీదుకు వెళ్లిపోయారు. పొయ్యి మీద సన్నటి సెగ మిగిలింది. ఖదీజా పెరట్లోకి వెళ్లి, మూత తీసి, గరిటె అంచుతో పైపైన కాస్త తీసి నాలుక మీద వేసుకుంది. అది పులుసు కాదు, సముద్రం.

ఉప్పెక్కువైతే ఏం చేయాలో ఏ ఇల్లాలికి తెలియదు? గోధుమపిండి తడిపి, జామకాయలంత ముద్దలు చేసి డేగిసాలో వదిలింది. అవి ఉప్పునీళ్లు తాగి ఉబ్బాక చిల్లుల గరిటెతో ఏరి బయట పడేసి, తగ్గిన పులుసుకు బదులుగా వేడినీళ్లు పోసింది. ముద్దలు ఎవరి కంటా పడకుండా గోడ మీద నుంచి వీరాంజనేయులు గేదె కుడితి తొట్లోకి విసిరింది. చేతులు కడుక్కుని, మొగుడి పరువు నిలబెట్టానని మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. మసీదులో అందరూ పెళ్లికొడుకు తండ్రిని కావలించుకుని పలకరిస్తుంటే మజీద్‌కు ఆలస్యమైంది. అతను వచ్చేసరికి ఆకలి మీదున్న చుట్టాలకు వడ్డన మొదలైపోయింది. ఎప్పుడూ చివర ఒకసారి రుచి చూసి గానీ డేగిసా వదలని మనిషికి ఆ రోజు వ్యవధి దొరకలేదు. తర్వాతి సంగతి వీరాంజనేయులు నోటి వెంట వచ్చేసింది.

తెర వెనక ఖదీజా లెక్క వేసుకుంది. రెండింతలున్న ఉప్పులో సగం తీస్తే సరిపోవాలి గదా, ఈ చప్పదనం ఎక్కడిది? ముద్దలు మరీ పెద్దవి చేశానా? పోనీ బయటికి వెళ్లి నిజం చెప్పేద్దామా? చెబితే, మా ఆయన ఉప్పు వేసిన సంగతి మర్చిపోయి మళ్లీ వేశాడు అని నలుగురిలో చాటినట్టే. చెప్పకపోతే, అసలు ఉప్పే వేయలేదన్న నింద. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు పడ్డా పడేది మజీదే. నెట్టింది మాత్రం తను.

సాయంత్రం అసర్ నమాజయ్యాక వరండాలో టీలు తాగుతూ కూర్చున్నారు. చుట్టాలు చాలావరకు వెళ్లిపోయారు. మక్బూల్, మజీద్, షాకిర్, కూతురు హఫ్సా మిగిలారు. మధ్యాహ్నం అన్న మాటకు కాస్త సిగ్గుపడి, ఆ సిగ్గు పోగొట్టుకోవటానికి వీరాంజనేయులు కూడా వచ్చాడు. మక్బూల్ ఫోను చేతిలోకి తీసుకుని, క్యాటరింగ్ వాళ్లతో రేపే మాట్లాడేస్తానన్నాడు. మామూలుగా అయితే మజీద్ అన్నతో వాదించేవాడు. ఇప్పుడు గచ్చు మీద ఏదో వెతుకుతున్నట్టు తలొంచుకు కూర్చున్నాడు. అది చూసి ఖదీజాకు ఏడుపొచ్చింది.

అప్పుడు హఫ్సా కలగజేసుకుంది. హఫ్సా హైదరాబాదులో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. చుట్టాలందరిలోనూ ఆమెకొక పేరుంది: ఎవరూ చూడని వస్తువును వెతికే పిల్ల. ఆమె తండ్రిని ఒక్కటే అడిగింది, ఉప్పు నిజంగా వేశావా అని. వేశానన్నాడు. అయితే ఉప్పు వేసినట్టే, ఎక్కడికి పోయిందో చూడాలంది. ఉప్పు ఎక్కడికి పోద్దే అని మక్బూల్ విసుక్కున్నాడు.

"నేను నాలుగేళ్ల నుంచి చూస్తన్నది అదే పెదనాన్నా," అంది హఫ్సా.

ఇక మొదలుపెట్టింది. విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో చుక్కలు లేవు, మట్టి లేదు, ఇనుము లేదు. అంతా పట్టరాని వేడి. ఆ వేడి కాస్త తగ్గేసరికి ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఒకదానికొకటి అతుక్కుని మొదటి మూలకాలు ఉడికాయి. ఎక్కువ భాగం హైడ్రోజన్‌గానే మిగిలింది. బరువులో నాలుగో వంతు హీలియం అయింది. కాస్తంత డ్యుటీరియం వచ్చింది, అంటే బరువెక్కిన హైడ్రోజన్. అంతకన్నా ఎంతో తక్కువగా, చిటికెలో చిటికెడు లిథియం వచ్చింది. చూస్తుండగానే పొయ్యి చల్లారింది, వంట ఆగిపోయింది. ఏది ఎంత వచ్చుండాలో కాగితం మీద లెక్క కట్టొచ్చు. హీలియం సరిపోయింది. డ్యుటీరియం చక్కగా సరిపోయింది. లిథియం దగ్గరే పేచీ. బాగా పాత చుక్కల్లో చూస్తే, ఉండాల్సిన దాంట్లో మూడో వంతే కనబడుతోంది.

లిథియమంటే ఫోన్ బ్యాటరీలో ఉండేదేనా అని వీరాంజనేయులు అడిగాడు. అదేనని హఫ్సా అంది. అయితే ఎవడో ఎత్తుకుపోయుంటాడు, అంత ఖరీదైన సరుకు, అని ఆయన తీర్మానించాడు.

హఫ్సా నవ్వి, మూడు దారులున్నాయంది. ఒకటి, చూసిన కన్నే పొరబడి ఉండొచ్చు. టెలిస్కోపుకు చుక్క పైపొరే కనిపిస్తుంది, లిథియం లోపలికి దిగి కాలిపోయి ఉండొచ్చు. రెండోది, లెక్కే తప్పయి ఉండొచ్చు. దాన్ని ప్రయోగశాలల్లో మళ్లీ మళ్లీ సరిచూశారు, పెద్ద తప్పేం దొరకలేదు. ఇక మూడోది.

"పొయ్యి మీద ఉడుకుతున్నప్పుడు ఎవరో వచ్చి, చెయ్యి పెట్టి, వెళ్లిపోయి ఉండొచ్చు."

ఖదీజా సాసరు కింద పెట్టేసింది. టీ వేడిగా ఉందని ఎవరూ అడగకుండానే చెప్పింది.

ఆ వచ్చిపోయినదాన్నే తను వెతుకుతున్నానంది హఫ్సా. విశ్వం పుట్టిన తొలి క్షణంలోనే పుట్టిన బరువైన కణం. తనతో పుట్టినవన్నీ పోయినా అది కాసేపు మిగిలిపోయింది. రెలిక్ పార్టికల్ అంటారు, మిగులు కణం అనుకోండి అంది. మూలకాలు ఉడుకుతున్నంతసేపూ అది ఆ వేడిలోనే తిరుగుతూ ఉండి, తర్వాత విరిగిపోయి ఉంటుంది. విరుగుతూ న్యూట్రాన్లను చిమ్మి ఉంటుంది. లిథియం మొదట బెరీలియం రూపంలో పుడుతుంది. బెరీలియం గట్టిది, అంత తేలిగ్గా లొంగదు. ఈ చిమ్మిన న్యూట్రాన్లు తగిలితే మాత్రం ముందుగానే లిథియం అయిపోతుంది, ఆ వేడిలో ప్రోటాన్లు దాన్ని పగలగొట్టేస్తాయి. ఇప్పుడెళ్లి వెతికితే ఆ కణం ఎక్కడా దొరకదు, అది చేసి పోయిన పనే కనిపిస్తుంది.

ఖదీజాకు బెరీలియం అర్థం కాలేదు గానీ మిగతాదంతా అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. ఎవరూ లేనప్పుడు వచ్చింది. ఉప్పు తాగింది. మాయమైంది. ఇదంతా పిల్ల నన్ను చూసే చెబుతోందా? పైన గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నది కిటికీలోంచి గానీ చూసిందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది.

ఈలోపు మక్బూల్‌కు సందేహం వచ్చింది. ఆయనకు సందేహం వచ్చిందంటే మాట ఆసక్తిగా ఉందని లెక్క.

"మా బట్టీలో వంద టన్నుల రాయి కాలిస్తే దగ్గర దగ్గర సగం గాల్లోకి పోద్ది. కొత్తగా వచ్చినోడు చూసి రాయి ఎవురో దొంగిలించారంటాడు. పోయింది పొగలో. ఆ పొగ కంటికి ఆనదు, అయినా ఉండాది. పోయిందానికి గుర్తుంటదే పిల్లా. నీ కణం పోతా పోతా ఏం గుర్తు పెట్టిపోయింది?"

హఫ్సా కళ్లు మెరిశాయి. తన గైడ్ కూడా అదే అడుగుతాడంది. ఆ న్యూట్రాన్లు బెరీలియం జోలికే పోయి ఊరుకోవు. దారిలో దొరికిన ప్రోటాన్లను కూడా పట్టుకుంటాయి, అలా పట్టుకుంటే డ్యుటీరియం పెరుగుతుంది. లిథియాన్ని తగ్గించే కణం డ్యుటీరియాన్ని పెంచకుండా పోవటం చాలా కష్టం. ఇప్పుడు డ్యుటీరియాన్ని ఎంతో కచ్చితంగా కొలుస్తున్నారు. అది పెరిగినట్టు లేదు. అందుకని ఆ కణం దాక్కోగల చోటు ఏటికేడాది ఇరుకైపోతోంది.

అయితే నాలుగేళ్లూ వృథాయేనా అని షాకిర్ అడిగాడు. తను వెతికిన రకం కణం మాత్రం వచ్చి ఉండదనే రాయబోతున్నానంది హఫ్సా. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు కాస్త తగ్గింది, అంతలోనే సర్దుకుంది. దొంగ వీడు కాదని తేల్చటం కూడా పనేనంది. వీడు కాదంటే వెతికేవాళ్లు రేపు ఇంకోవైపు చూస్తారు. ఖదీజాకు కూతురి మీద ఒక్కసారిగా గౌరవం పుట్టింది. నాలుగేళ్లు వెతికి, లేదని చెప్పటానికి ఎంత గుండె కావాలి!

"దాల్చా సంగతీ అంతే పెదనాన్నా. ఉప్పు తీసింది ఎవరైనా సరే, ఇంకేదో వదిలిపెట్టే పోయుంటారు. డేగిసా ఇంకా కడగలేదుగా, తెచ్చి చూద్దాం," అని హఫ్సా సరదాగా లేచింది.

డేగిసా అంచున తెల్లటి పిండి జిగురు ఎండి ఉందని ఖదీజాకు తెలుసు. మధ్యాహ్నం నుంచి దాన్ని కడిగేద్దామని నాలుగుసార్లు లేచింది, ప్రతిసారీ ఎవరో ఒకరు మంచినీళ్లడిగారు. మొగుడి వంక చూసింది. అతనింకా గచ్చు వంకే చూస్తున్నాడు. ఈ మనిషిని ఇలా కూర్చోబెట్టింది నేనే అనుకుంది, ఆ తర్వాత ఇంకేమీ అనుకోలేదు.

"తేవద్దులే హఫ్సా," అంది. "ఆ కణం నేనే."

మక్బూల్ టీ గుక్క మధ్యలో ఆగిపోయింది. ఖదీజా అంతా చెప్పేసింది. పిండి ముద్దలు చెప్పింది, వేడినీళ్లు చెప్పింది, గోడ మీద నుంచి విసరటం కూడా చెప్పింది. వీరాంజనేయులు తొడ మీద చరుచుకున్నాడు. మధ్యాహ్నం నుంచి గేదె బిందెలకు బిందెలు నీళ్లు తాగుతోందనీ, జబ్బేమోనని డాక్టరుకు ఫోన్ కూడా చేశాననీ అన్నాడు. పెరిగిన డ్యుటీరియం దొరికిందని హఫ్సా అంది.

అసలు మాట ఇంకా మిగిలింది. తలొంచుకుని గబగబా అనేసింది, బావ ఉప్పు వేసి, వేసిన సంగతి మర్చిపోయి మళ్లీ వేశాడనీ, కిటికీలోంచి తను కళ్లారా చూసిందనీ. అనేసి, ఇక ఏది పడితే అది పడనీ అన్నట్టు నిలబడింది. మక్బూల్ నిట్టూర్చాడు.

మజీద్ తలెత్తి భార్యను చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. మధ్యాహ్నం నుంచి మూగపోయిన మనిషి వరండా అదిరేట్టు నవ్వాడు.

"రెండుసార్లు కాదే పిచ్చిదానా, సగం సగం."

నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. తన ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది. మొదటి సగం మాంసానికి, ఎముక దాకా దిగటానికి. రెండో సగం చింతపండు పులుసు పోశాక, ఆ పులుపు చూసుకుని వేయాలి. వేసినాక గరిటె పెట్టకూడదు, సొరకాయ ముక్క చితికిపోతుంది. సన్న సెగ మీద ఉప్పు దానంతట అదే కిందికి దిగాలి. జుమాకు వెళ్లొచ్చేలోపు దిగుతుందిలే అని మూత పెట్టి వెళ్లాడు. అంటే, ఉప్పు పడిన మరుక్షణం ఖదీజా వెళ్లి పైన రుచి చూసింది. అమ్మ చూసింది పైపొరేనని హఫ్సా పడీ పడీ నవ్వింది. తన రంగంలో సగంమంది ఇప్పుడు చుక్కల గురించి అంటున్నదీ అదేనంది, లిథియం ఎక్కడికీ పోలేదు, మనం చూస్తున్నదే పైపైన అని.

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక మజీద్ మొహంలో ఇంకేదో వచ్చింది.

"ఇన్నేళ్ల కాపురం. పల్నాడంతా వండి పెట్టా. నేను ఉప్పెట్టా ఏస్తానో కూడా నీకు తెలవదంటే ఏంది ఖదీజా?"

"నువ్వెప్పుడన్నా చూడనిచ్చావా బావా?"

ఆ మాట తన లోపల ఉందని ఖదీజాకు అప్పటిదాకా తెలియదు. వచ్చాక ఇక ఆగలేదు. ఊళ్లో అందరూ మీ ఆయన దాల్చా అంటే నవ్వుతూ తలూపానే గానీ, ఎట్టా చేస్తాడో ఎవరన్నా అడిగితే చెప్పటానికి నాకేం తెలుసని అడిగింది. మిగిలితే గిన్నెలో పెట్టి పంపించేవాడివి, చల్లారిందే తిన్నానంది. "ఇయ్యాల కిటికీలోంచి చూస్తా ఉంటే, ఎవురో కొత్త మొగుణ్ణి చూసినట్టుంది," అంది, అని తనే సిగ్గుపడింది.

వీరాంజనేయులు గేదెను చూసుకోవాలని లేచాడు. మక్బూల్ ఫోను జేబులో పెట్టేసి గొంతు సవరించుకున్నాడు. వలీమా ఆదివారం కాబట్టి మధ్యలో జుమా గండం లేదనీ, వండుకోమనీ అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకన్నా తీయటి మాట ఎవరూ విని ఎరగరు.

వలీమా నాటికి మసీదు పక్క జాగా ఖాళీ అయింది. తెల్లవారి గాడిపొయ్యి అంటించే వేళకు మజీద్ ఇంటికొచ్చి, పెట్టెలోంచి అప్పుడే తీసిన పట్టుచీర కట్టుకుని తిరుగుతున్న ఖదీజాను, పొగకు పాడైపోద్ది, నూలుచీర కట్టుకు రా అన్నాడు. ఎక్కడికని ఆవిడ అడగలేదు. కట్టుకుని వెళ్లింది. పొయ్యి దగ్గర ఆవిడ కోసం ఒక కుర్చీ వేసి ఉంది. కూరగాయలు తరుగుతున్న మగవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్లికొచ్చిన ముసలాయన ఒకాయన, కాలం మారిపోయిందని గొణిగాడు. మజీద్ చెవిటివాడిలా ఉల్లిపాయలు వేయించుకుంటూ ఉన్నాడు.

చేస్తూ చేస్తూ ఆవిడకు చెప్పాడు. మాంసం ఈ రంగు వచ్చేదాకా ఆగాలి. పప్పు ఇంతకన్నా మెదపకూడదు. అన్నీ వేసి చూడు నన్ను వేసి చూడు అంటుంది ఉప్పు, అందుకే దాన్ని తొందరపెట్టకూడదు. మామూలుగా వంట దగ్గర మాట్లాడని మనిషి అంతసేపు మాట్లాడేసరికి చాలా ఏళ్లుగా అతని పక్కన వండుతున్న ఇక్బాల్‌కు ఆశ్చర్యంగా ఉంది. ఈ సంగతుల్లో కొన్ని ఇక్బాల్‌కు కూడా కొత్తే.

పులుసు పోశాక మజీద్ ఉప్పుగిన్నె ఖదీజా ముందు పెట్టాడు. ఆవిడ దోసిలి పట్టి, బిస్మిల్లా అని, డేగిసా చుట్టూ తిరుగుతూ వేసింది. ఎవరూ గరిటె పెట్టలేదు. సెగ తగ్గించి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కొత్త కోడలి గురించి, హఫ్సా ఎప్పుడు రైలెక్కాలనుకుంటుందో దాని గురించి మాట్లాడుకున్నారు. ఉప్పు దిగటానికి ఎంతసేపు పట్టాలో అంతసేపూ మాట్లాడుకున్నారు.

తర్వాత మజీద్ లేచి, గరిటెను ఒక పక్క నుంచి మెల్లగా అడుగుదాకా దించి, తీసి, ఖదీజా అరచేతిలో కాస్త పోశాడు. ఆవిడ ఊదుకుని, నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుంది. చుట్టూ ఉన్న మగవాళ్లంతా పని ఆపి ఆవిడ మొహం వంకే చూశారు.

"సరిపోయింది," అంది.

మజీద్ మూత అందుకున్నాడు.

"నువ్వు రుచి చూడలేదు భాయ్," అని ఇక్బాల్ గుర్తు చేశాడు.

"ఆవిడ చూసిందిగా," అని మజీద్ మూత పెట్టేశాడు.